ఆరూ పన్నెండుకు అతికించిన నాలుగు పేజీలు

సోషల్ టీచరు ఎవరినీ ప్రత్యేకంగా అనుమానించేది కాదు. అందరినీ సమానంగా అనుమానించేది. క్లాసులో మొదటి ర్యాంకు పిల్లాడైనా, చివరి బెంచీ పిల్లాడైనా ఆవిడ కళ్ళకి ఒకటే. నోట్సు పుస్తకం చేతికిస్తే ముందు పిల్ల మొహం చూసేది, తర్వాత పుస్తకం చూసేది, ఆ తర్వాత మళ్ళీ మొహం చూసేది. ఆ రెండో చూపుకి తట్టుకున్నవాళ్ళు తక్కువ.

ఈ గుణం తండ్రి నుంచి వచ్చిందని వాళ్ళింట్లో అనుకునేవాళ్ళు. ఆయన రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసేవాడు. మరుగుదొడ్డి తలుపు తట్టి, లోపల దాక్కున్నవాణ్ణి బయటికి రప్పించడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఇంటికి చుట్టం వస్తే ఎలా ఉన్నారని అడిగేవాడు కాదు, ఏ బండిలో వచ్చారని అడిగేవాడు. ఆ చుట్టం చెప్పిన బండి ఆ వేళకి రాదని తేలితే, అతను వెళ్ళేదాకా ఓ కంట కనిపెడుతూనే ఉండేవాడు. మీ నాన్న పెళ్ళిచూపులకొచ్చినప్పుడు కూడా నా వయసు నమ్మలేదని తల్లి చెప్పి నవ్వేది. కూతురు నవ్వేది కాదు. ఎంత చెప్పారని అడిగేది.

బడిలో చేరి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఆ కాలమంతా ఆవిడ ఆస్తి ఒక్కటే, దస్తూరీ గుర్తుపట్టడం. ఆరో తరగతిలో ఒక్కసారి చూసిన రాతని పదో తరగతిలో పేరు లేని కాగితం మీద చూసినా ఇది ఫలానావాళ్ళదని చెప్పేది. ఒకసారి ఒక తండ్రి కొడుక్కి ఇంటిపని రాసిపెడుతూ, దొరక్కూడదని ఎడమచేత్తో రాశాడు. అక్షరాలు పిల్లవాడి అక్షరాల్లాగే వంకరగా ఉన్నాయి. టీచరు ఆ పేజీ వెనక్కి తిప్పి వేలితో తడిమింది. పిల్లలు రాస్తే వెనకవైపు అక్షరాలు పొక్కుల్లా తేలతాయట, ఈ పేజీ నున్నగా ఉందట. మరునాడు ఆ తండ్రిని పిలిపించి, మీరు చాలా తేలిగ్గా రాస్తారండీ అని ఊరుకుంది. ఆయన మళ్ళీ బడి వైపు రాలేదు. పిల్లలు ఆవిడకి భూతద్దం అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకి తెలియదని వాళ్ళ నమ్మకం.

ఆవిడ భర్తకి మందుల షాపుంది. డాక్టర్ల రాత చదివి మందులిచ్చే మనిషి. మా ఇంట్లో ఇద్దరం రాతల మీదే బతుకుతున్నామని ఆయన అందరితోనూ అనేవాడు.

అలాంటి బడిలోకి ఆ ఏడాది మొదట్లో కంప్యూటర్లు వచ్చాయి. పాతవి అంతకుముందూ ఉన్నాయి కానీ వాటితో పని అంతగా లేదు, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచేవాళ్ళు. ఇప్పుడు మూడో అంతస్తులో పద్దెనిమిది కొత్తవి పెట్టి, ఇకనుంచి ప్రాజెక్టు పనులన్నీ పిల్లలు షేర్డ్ ఫైల్లో కలిసి రాయాలని హెడ్మిస్ట్రెస్ ఉత్తర్వు ఇచ్చింది. టీచర్లకి నేర్పే పని కంప్యూటర్ సారుకి పడింది. ముప్పై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఏ కంప్యూటరుకి ఏ జబ్బు చేసినా ముందు ఆపి మళ్ళీ వేయమంటాడు.

“ఒకే కాగితం అనుకోండి మేడం. ముప్పై ఆరు మంది ఒకేసారి దాని మీద రాయొచ్చు. ఒకరు రాసింది ఇంకొకరు చూడొచ్చు, దిద్దొచ్చు” అన్నాడాయన మొదటిరోజు.

“ఒకరు రాసింది ఇంకొకరు చూసి రాస్తే దాన్ని ఇన్నాళ్ళూ కాపీ అన్నాం బాబూ. ఇప్పుడేమంటారు?”

“కలిసి పనిచెయ్యడం అంటారు.”

టీచరు పెదవి విరిచింది. స్టాఫ్ రూములో మిగతావాళ్ళు నవ్వారు గానీ ఆవిడ బాధ నవ్వులాటది కాదు. తెర మీద అక్షరాలన్నీ ఒకేలా ఉన్నాయి. గుండ్రంగా, శుభ్రంగా, ఎవరివీ కాకుండా ఉన్నాయి. వెనక్కి తిప్పి తడమడానికి పేజీ లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నమ్ముకున్న ఒక్క పనిముట్టూ ఒక్క వారంలో చేజారిపోయింది. తొమ్మిదో తరగతిలో ముప్పై ఆరు మంది ఉంటే, అందులో సగం మంది ఎవరెవరో ఆవిడకి ఆ ఏడాది తెలియనే లేదు.

అయితే రెండు వారాలకి ఆ కొత్త సరుకులో ఆవిడకి నచ్చే విషయాలు రెండు కనబడ్డాయి.

మొదటిది, ఆవిడ తన బల్ల దగ్గర కూర్చునే ఏ గుంపు ఫైల్లోకైనా దూరవచ్చు. ఎవరు లోపలున్నా వాళ్ళ పేరుతో ఒక రంగు గీత తెర మీద కొట్టుకుంటూ కనిపిస్తుంది. ఆవిడ గీత ఊదారంగు. పిల్ల ఒక వాక్యం మొదలుపెట్టి సగంలో ఉండగా ఆ ఊదారంగు గీత వచ్చి పక్కనే నిలబడేది. పక్క మార్జిన్‌లో ప్రశ్న పడేది, ఇది ఎక్కడ చూసి రాశావు అని. పిల్ల వేళ్ళు ఆగిపోయేవి. మీరు లోపలికి వస్తే వాళ్ళు రాయడం ఆపేస్తున్నారు మేడం అని కంప్యూటర్ సారు ఓసారి నసుగుతూ చెప్పాడు. దొంగ అయితేనే కదా పోలీసుని చూసి ఆగేది అని ఆవిడ సమాధానం.

రెండోది హిస్టరీ. ఒక మీట నొక్కితే ఆ ఫైల్లో ఏ అక్షరం ఎవరు, ఏ రోజు, ఏ నిమిషంలో రాశారో వరసగా వచ్చేస్తుంది. ఇన్నేళ్ళుగా చరిత్ర పాఠం చెబుతూ ఏ రాజు ఏ ఏడాది ఏం చేశాడో పుస్తకం మాట మీద నమ్మిన మనిషికి, ఇంత కచ్చితమైన చరిత్ర చూడటం అదే మొదలు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. యంత్రాన్ని నమ్మనని ఊరంతా చాటిన మనిషి, యంత్రంలో ఈ ఒక్క మూలని మాత్రం కళ్ళకద్దుకుంది.

ఆ యేడు వానలు విడవకుండా కురిశాయి. తొమ్మిదో తరగతికి ఆవిడ ఇచ్చిన ప్రాజెక్టు కూడా దాని మీదే. వాన పడితే మన వీధుల్లో నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, ఎందుకు నిలుస్తాయి. నలుగురేసి తొమ్మిది గుంపులు, మూడు వారాల గడువు, ఏడాది మార్కుల్లో ఇరవై దీనివే.

గడువు రోజైన గురువారం ఉదయం ఆవిడ ఐదో గుంపు ఫైలు తెరిచింది. ముందురోజు సాయంత్రం చూసినప్పుడు అందులో ఒక శీర్షిక, నాలుగు ముక్కలు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు నాలుగు పేజీలున్నాయి. బాగున్నాయి. అదే ఆవిడకి నచ్చలేదు. నీరు పదకొండు అంగుళాల లోతు నిలిచిందనీ, గంటన్నరలో నాలుగు అంగుళాలే తగ్గిందనీ, మురుగు కాలువ వాలు వీధి చివరికి కాకుండా మధ్యకి ఉండటమే దానికి కారణమనీ రాసి ఉంది. బడిలో నేర్పేది సెంటీమీటర్లు. పధ్నాలుగేళ్ళ పిల్లలు అంగుళాలు రాయరు. కాలువ వాలు అనే మాట అసలే రాయరు.

హిస్టరీ నొక్కింది. నాలుగు పేజీలూ ఒకే ఒక్క పిల్ల పేరు మీద, ఆ ఉదయం ఆరు గంటల పన్నెండు నిమిషాలకి, ఒక్క దెబ్బలో వచ్చి పడ్డాయి. ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి అతికించినవన్నమాట.

ఆ పిల్ల రెండో బెంచీ చివర కూర్చుంటుంది. పొట్టిగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది. తోటి పిల్లలు చిన్నమేస్త్రీ అని పిలవడం టీచరు విన్నది గానీ, పెత్తనం చేసే పిల్ల కాబోలు అనుకుని వదిలేసింది. దస్తూరీల రోజుల్లో అయితే ఆ పేరు ఎందుకొచ్చిందో మొదటి నెలలోనే ఆరా తీసి ఉండేది.

ఆ పూటే ఆ పిల్లని కంప్యూటర్ గదిలో నిలబెట్టి అడిగింది. గుంపులో మిగతా ముగ్గురూ గుమ్మం దగ్గర నిలబడ్డారు.

“ఎవరు రాశారమ్మా ఇది?”

“మేమే టీచర్. నలుగురం.”

“నలుగురూ కలిసి ఒక్క నిమిషంలో రాశారా?”

పిల్ల తెర వైపు చూసింది.

“సరే, ముందు ఎక్కడో రాసుకుని ఉంటారు. ఆ కాగితాలు పట్రా.”

“కాగితాలు లేవు టీచర్.”

“మరి దేని మీద రాశారు?”

పిల్ల గుమ్మం వైపు ఒక్కసారి చూసింది. ఆ ముగ్గురూ నేల చూపులు చూశారు. ఆ చూపు టీచరు లెక్కలో పడిపోయింది. ఇంకో మూడు రకాలుగా అడిగింది. పిల్ల నోరు మెదపలేదు. ఏడవనూ లేదు. ఏడిస్తే టీచరు కాస్త మెత్తబడేదేమో. ఆవిడ తండ్రి చెప్పేవాడు, టికెట్ పోగొట్టుకున్నవాడు ఏడుస్తాడు, కొననివాడు గట్టిగా నిలబడతాడని.

మధ్యాహ్నానికల్లా హెడ్మిస్ట్రెస్ గదిలో క్రమశిక్షణ రిజిస్టరు తీసి, ఆవిడ తన చేత్తో ఫిర్యాదు రాసింది. పేజీ నిండా వచ్చింది. ఆ రిజిస్టరు సంగతి బడిలో అందరికీ తెలుసు. కింద హెడ్మిస్ట్రెస్ సంతకం పడితే ఆ పిల్లకి పదో తరగతికి ఈ బడిలో చోటుండదు. బదిలీ పత్రం మీద కారణం రాసిస్తారు కాబట్టి ఇంకో బడీ తలుపు తీయదు. సోమవారం తండ్రిని పిలిపించి, ఆయన ముందు సంతకం పెడతానంది హెడ్మిస్ట్రెస్.

శుక్రవారం సాయంత్రం టీచరు మందుల షాపులో కూర్చుని ఈ కథంతా భర్తకి చెప్పింది. ఆయన ఒక చీటీని దీపం వైపు ఎత్తి పట్టుకుని చదువుతూ విన్నాడు.

“ఈ డాక్టరు ఏం రాశాడో నాకు తెలియట్లేదు. ఇలాంటప్పుడు ఫోన్ చేసి అడుగుతాను. ఇదై ఉంటుందిలే అని మందివ్వను” అన్నాడు.

“నేనూ అడిగానండీ. అది చెప్పలేదు.”

“అడిగావా? దబాయించావా?”

ఆవిడ లేచి సంచీ అందుకుంది. కానీ ఆ మాట కంట్లో నలుసులా పడింది. అలాగని ఆవిడ మెత్తబడలేదు. రుజువు ఇంకా గట్టిగా ఉండాలి, అంతే. ఆ నాలుగు పేజీలు రాసిన పెద్దమనిషి ఎవరో పట్టుకుంటే ఇక మాట్లాడేవాడు ఉండడు.

శనివారం ఒంటిపూట బడి. పిల్లలు వెళ్ళిపోయాక ఆవిడ మూడో అంతస్తుకి వెళ్ళి, ఆ పిల్ల బడి లాగిన్‌తో తెరిచిన ప్రతి ఫైలూ చూపించమంది. బడి లాగిన్లన్నీ కంప్యూటర్ సారు చేతిలో ఉంటాయి. ఆయన కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాడు. అది బాగానే ఉంది. అయినా వేశాడు.

“మేడం, ఒక ఫైలుంది. మీరు చూడకపోతేనే మంచిది” అన్నాడు చివరికి.

ఆ మాట ఆవిడతో అనకూడని మాట.

ఫైలు పేరు ‘గణితం, పాత ప్రశ్నలు, మూడు’. ఎవరూ కావాలని తెరవని పేరు చూసి మరీ పెట్టుకున్నారు. లోపల గణితం లేదు. నూట నలభై పేజీలున్నాయి. తొమ్మిదో తరగతి మొత్తం, ముప్పై ఆరు మందీ, రెండు నెలలుగా అందులోనే కాపురం ఉంటున్నారు.

మొదటి పేజీలోనే భూతద్దం కనబడింది. నక్షత్రాలూ గీతలూ పేర్చి చేసిన బొమ్మ, కింద ఒక ఊదారంగు గీత. హెడ్మిస్ట్రెస్ పేరు పెద్దగంట. కంప్యూటర్ సారు పేరు రీస్టార్ట్. తర్వాత ఒక పట్టిక. ఏ రోజు, ఎన్ని గంటలకి భూతద్దం ఏ గుంపు ఫైల్లోకి వచ్చింది, ఎంతసేపు నిలబడింది, ఏ ప్రశ్న వేసింది, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. మంగళవారం పదీ నలభై రెండుకి వచ్చి పదీ నలభై తొమ్మిదికి వెళ్ళింది, ఏడో గుంపు మీద వాలింది. ఆవిడ తన డైరీ తీసి నాలుగైదు చోట్ల సరిచూసింది. తప్పు ఒక్కటీ దొరకలేదు. తనని ఇంత శ్రద్ధగా తనిఖీ చేసినవాళ్ళు ఉద్యోగంలో ఇంతవరకూ ఎవరూ లేరు. మొహం వేడెక్కింది, అయినా ఆ పట్టిక పొందిక చూసి లోలోపల మెచ్చుకోకుండా ఉండలేకపోయింది.

నలభై రెండో పేజీలో ఐదో గుంపు మొదలైంది.

అక్కడ ఎవరో పిల్లవాడు అడిగాడు, అసలు ఫైల్లో ఎందుకు రాయడం లేదని. ఆ పిల్ల జవాబు రాసింది. అక్కడ రాయలేకపోతున్నాను, సగం వాక్యంలో ఉండగానే టీచర్ వచ్చి నిలబడతారు, తర్వాత ఏం రాద్దామనుకున్నానో మర్చిపోతాను. కింద ఇంకొకరు సలహా చెప్పారు. ఇక్కడే రాసుకో, అయ్యాక తీసుకెళ్ళి అక్కడ అతికించు, రఫ్ వేరు ఫెయిర్ వేరు అని మొదటిరోజు ఆవిడే కదా చెప్పింది.

నిజమే. చెప్పింది ఆవిడే. ప్రతి ఏడూ, ప్రతి తరగతికీ, మొదటిరోజే చెప్పేది. ముందు రఫ్ నోట్సులో కొట్టివేతలతో రాసుకోండి, నా దగ్గరికి మాత్రం ఫెయిర్ చేసినదే రావాలని. కొట్టివేతలున్న పుస్తకాన్ని ఎన్నోసార్లు విసిరికొట్టింది కూడా.

హిస్టరీ నొక్కింది. ఆ నాలుగు పేజీలూ పంతొమ్మిది రోజుల్లో పెరిగాయి. ఒక్కో పేరా ఐదారుసార్లు చెరిపి రాశారు. నలుగురి పేర్లూ ఉన్నాయి, పోట్లాటలూ ఉన్నాయి. నీళ్ళు అటు పారతాయని ఒకడు, ఇటు పారతాయని ఇంకొకతి. సెంటీమీటర్లలో రాయకపోతే మార్కులు పోతాయని ఒకడు హెచ్చరిస్తే ఆ పిల్ల రాసింది, నాన్న టేపుకి సెంటీమీటర్ల వైపు అరిగిపోయింది, అంగుళాలే కనబడుతున్నాయి, లెక్కకట్టి మారుస్తే తప్పు వస్తుందేమో, ఉన్నదున్నట్టే ఉండనివ్వండి అని. ఇంకో రోజు రాసింది, నాన్న సన్న గొట్టంలో నీళ్ళు నింపి రెండు చివర్లా పట్టుకుని చూశాడు, కాలువ వాలు మధ్యకే ఉంది, ఆయన గోడలకి అలాగే మట్టం చూస్తాడు అని. చిన్నమేస్త్రీ అనే పేరు ఎక్కడినుంచి వచ్చిందో టీచరుకి అక్కడ అర్థమైంది. తండ్రి తాపీమేస్త్రి. ఉదయం ఆరున్నరకి పనిలోకి వెళ్తాడు. పిల్ల రాసుకునే ఫోను ఆయనదే, ఉదయం పూట అది ఇంట్లో ఉండేది అప్పటిదాకానే.

చివరి పేజీలు గురువారం సాయంత్రానివి. క్లాసంతా అక్కడ గుమిగూడింది. ఈ ఫైలు చూపించెయ్యమని కొందరు, చూపిస్తే పెద్దగంట అందరినీ పంపించేస్తుందని ఇంకొందరు, ఇప్పుడే చెరిపేద్దామని మరికొందరు. ఆ పిల్ల రెండే వాక్యాలు రాసింది. నేను చూపించను, భయపడకండి. చెరపకండి మాత్రం, మనం రాశామనడానికి ఉన్నది ఇదొక్కటే.

టీచరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“నీకు ఇది ఎప్పట్నుంచి తెలుసు?”

“రెండు నెలలైంది మేడం. పని చేసుకుంటున్నారు కదా అని ఊరుకున్నాను.”

“నా దగ్గర దాచావు.”

“దాచాను.”

“ఇంకేమైనా దాచావా?”

“నన్ను రీస్టార్ట్ అంటారని.”

“అది చదివానులే.”

ఐదో గుంపు పేజీలు మాత్రం విడిగా తీసి ఇవ్వగలనని ఆయన అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అతికించిన పేజీలకి హిస్టరీ రాదు, హిస్టరీ లేనిది రుజువు కాదు, హెడ్మిస్ట్రెస్ అసలు ఫైలే చూపించమంటుంది. మొదటి పేజీ తెరుచుకోగానే కనబడేది బొమ్మ, దాని కిందే పెద్దగంట పేరు. గోడ మీద సుద్దముక్కతో తన బొమ్మ వేశారని ఆ మహాతల్లి ఆరుగురిని వారం రోజులు ఇంటికి పంపింది. ముప్పై ఆరు మందికి ఏం రాసిపెట్టి ఉందో ఊహించనక్కర్లేదు.

మిగిలింది ఒకటే దారి. రుజువు లేకుండా, తన ఫిర్యాదు తనే వెనక్కి తీసుకోవడం. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ రిజిస్టరులో ఆవిడ రాసినవి పదకొండు ఫిర్యాదులు. ఒక్కటీ తప్పని తేలలేదు. కాపీ పట్టుకోవడంలో ఆవిడ మాటకి తిరుగులేదని బడిలో ఉన్న నమ్మకం ఆ పదకొండు మీదే నిలబడి ఉంది. ఆదివారమంతా ఆవిడ ఇంట్లో ఉన్న అలమరాలన్నీ సర్దింది.

సోమవారం ఉదయం మేస్త్రి అందరికంటే ముందే వచ్చి వరండాలో నిలబడ్డాడు. చేతులు బాగా కడుక్కుని వచ్చాడు గానీ గోళ్ళ అంచుల్లో సిమెంటు పోలేదు. పక్కన పిల్ల. లోపలికి పిలిచాక ఆయన కుర్చీలో కూర్చోలేదు, దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. హెడ్మిస్ట్రెస్ రిజిస్టరు తెరిచి, కలం మూత తీసింది.

సోషల్ టీచరు ఆగమంది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానంది.

హెడ్మిస్ట్రెస్ కలం అలాగే పట్టుకుని ఆవిడ వైపు చూసింది. తర్వాత మేస్త్రి వైపు చూసింది. మళ్ళీ ఆవిడ వైపు చూసింది. ఆ రెండో చూపు ఎలాంటిదో టీచరుకి బాగా తెలుసు. దాని ఇవతలి వైపు నిలబడటమే కొత్త.

“ఎవరైనా మీ ఇంటికి వచ్చి మాట్లాడారా టీచర్?”

“ఎవరూ రాలేదండీ. ఆ పిల్ల చిత్తుప్రతి చూశాను. రాసింది వాళ్ళే.”

పిల్ల తల చటుక్కున లేచింది. ఆ చిత్తుప్రతి ఉన్నది ఒక్క చోటే.

“ఏదీ, చూపించండి.”

“చూశానని చెబుతున్నాను. చూపించలేను.”

“గురువారం యంత్రమే సాక్ష్యమన్నారు. ఇవాళ సాక్ష్యం అడిగితే చూపించలేనంటున్నారు. మిమ్మల్ని ఏమనుకోమంటారు?”

టీచరు ఏమనుకున్నా ఫరవాలేదంది. హెడ్మిస్ట్రెస్ ఆఖరికి, తొమ్మిదో తరగతి ప్రాజెక్టులు ఇకనుంచి కంప్యూటర్ సారు చూసుకుంటాడనీ, ఆవిడ ఆరో తరగతీ ఏడో తరగతీ చూసుకుంటే చాలనీ చెప్పి, రిజిస్టరు ఆవిడ వైపు తిప్పింది. ఫిర్యాదు కిందే రాసి సంతకం పెట్టండంది.

ఆవిడ రాసింది. రెండు వాక్యాలు. రాయడానికి పట్టిన సమయం రెండు వాక్యాలకి పట్టేది కాదు. ఆ రాత ఎప్పటిలాగే నిలువుగా, పొందిగ్గా వచ్చింది.

“ఏం రాశారో ఒకసారి చదువు తల్లీ. నాకు కళ్ళజోడు లేదు” అన్నాడు మేస్త్రి కూతురితో.

పిల్ల బల్ల దగ్గరికి వచ్చి, రిజిస్టరు తన వైపు తిప్పుకుని పైకి చదివింది. ఐదో గుంపు ప్రాజెక్టు విద్యార్థులు స్వయంగా రాసినదే. పై ఫిర్యాదులో నేను పొరపాటు పడి ఉండవచ్చు.

అక్కడ ఆగింది. వేలు ఆ చివరి మాట మీదే ఉంది.

“టీచర్, పడి ఉండవచ్చు అని రాశారు.”

“అవును.”

“పడ్డాను అని రాయండి.”

మేస్త్రి గాభరాపడి కూతురి భుజం పట్టుకున్నాడు. “ఊరుకో అమ్మా. పెద్దావిడ. తీసేశారు కదా, చాలు.”

“వాళ్ళకేం నాన్నా, ఆ పైన ఉన్నది నా పేరు.”

హెడ్మిస్ట్రెస్ ఏదో అనబోయింది. ఈలోపు సోషల్ టీచరు చెయ్యి చాచి రిజిస్టరు తీసుకుంది. ‘పడి ఉండవచ్చు’ మీద ఒక అడ్డగీత గీసింది. పైన ‘పడ్డాను’ అని రాసింది. రిజిస్టరులో కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం ఉండాలి. అదీ పెట్టి, పిల్ల వైపు జరిపింది. చదివి తెలుసుకున్నట్టు పిల్ల కూడా సంతకం పెట్టాలంది హెడ్మిస్ట్రెస్, విసుగ్గా.

పిల్ల కలం అందుకుంది గానీ సంతకం పెట్టలేదు. పేజీ పైకి వెళ్ళి, గురువారం నాటి ఫిర్యాదు మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టింది. తన గురించి అందులో ఇంకా ఏమేం ఉన్నాయో ఆ పిల్లకి ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. టీచరు ఇప్పుడు నిజం చెబుతోందో, ఆ చిత్తుప్రతి మాట చెప్పి ఇంకేదైనా ఉచ్చు పన్నుతోందో కూడా దానికి తెలియదు. ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువుతోంది.

మొదటి పీరియడ్ గంట కొట్టారు. వరండాలో పిల్లలు పరిగెత్తిన చప్పుడు వచ్చి ఆగిపోయింది. హెడ్మిస్ట్రెస్ గోడ గడియారం చూసింది, మేస్త్రి తన చేతులు చూసుకున్నాడు. సోషల్ టీచరు ఆ వేలినే చూస్తూ నిలబడింది. అది ఇంకా రెండో పేరా దాటలేదు.